మెదడంటే ఇష్టం, సరే: న్యూరాలజీ, న్యూరోసర్జరీ, సైకియాట్రీల్లో మీది ఏది?

మెడిసిన్ చివరి ఏడాదిలోనో, హౌస్ సర్జన్సీలోనో ఉన్న పిల్లలు నా దగ్గరికొచ్చి అడిగే మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "సార్, నాకు బ్రెయిన్ అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. న్యూరాలజీ తీసుకోమంటారా?" నేను వెంటనే అవుననను, కాదనను. మెదడు మీద ఇష్టం ఉన్నవాళ్లకు మూడు దారులున్నాయి: న్యూరాలజీ, న్యూరోసర్జరీ, సైకియాట్రీ. మూడింటికీ అవయవం ఒక్కటే అయినా, రోజు గడిచే తీరులో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. అవయవం మీద ఇష్టంతో సీటు తీసుకుని, ఆ పని నచ్చక రెండో ఏడాదికే మొహం వాడిపోయినవాళ్లను చూశాను. అందుకే ఈ పోలిక. నేను న్యూరాలజీ చేసినవాణ్ణి కాబట్టి మొగ్గు అటే ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను.

ఒక పేషెంట్, ముగ్గురు డాక్టర్లు

యాభై అయిదేళ్ల మనిషి, బడిలో లెక్కలు చెప్పేవారు. ఏడాదిగా మాట తగ్గింది. స్నానం చెయ్యమంటే చేస్తారు, లేకపోతే అలాగే కూర్చుంటారు. కోపం లేదు, ఏడుపు లేదు. రిటైర్మెంటు దగ్గరపడుతోందని బెంగ పెట్టుకున్నారేమోనని భార్య ముందు సైకియాట్రిస్టుకి చూపించారు. ఆయన దిగులుకి మందులిచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు ఆ డాక్టరుకే అనుమానం తగిలింది. దిగులుతో ఉన్న మనిషి మొహంలో ఒక బరువు ఉంటుంది. ఈయన మొహంలో ఆ బరువు లేదు, ఖాళీగా ఉంది. చీటీ రాసి నా దగ్గరికి పంపారు.

నేను ఆయన అరచేతిలో నా రెండు వేళ్లు మెల్లగా జరిపాను. చెయ్యి గుప్పిట మూసుకుని నా వేళ్లు పట్టుకుంది. వదలండి అంటే తలూపారు గానీ చెయ్యి వదల్లేదు. పసిపిల్లల్లో ఉండే రిఫ్లెక్స్ అది. పెద్దయ్యాక తిరిగొచ్చిందంటే మెదడు ముందు భాగం, అంటే ఫ్రాంటల్ లోబ్, పట్టు తప్పిందని అనుమానించాలి. కళ్లు మూయించి కాఫీ పొడి ఒక్కో ముక్కు రంధ్రం దగ్గర పెట్టాను, రెండువైపులా వాసన తెలియలేదు. పరీక్షల్లో మనమంతా 'మొదటి క్రేనియల్ నర్వ్ చూడలేదు' అని రాసి దాటేస్తామే, ఆ వాసన నరమే ఇక్కడ దారి చూపించింది. ఎంఆర్‌ఐలో ముక్కు పైభాగాన, రెండు ఫ్రాంటల్ లోబుల కింద, పెద్ద మెనింజియోమా కనిపించింది. మెదడు పొరల నుంచి పుట్టే గడ్డ అది, చాలావరకు క్యాన్సర్ కాదు. న్యూరోసర్జన్ పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి తీసేశారు. కొన్ని నెలలకు ఆ లెక్కల మాస్టారు తన మనవడికి భిన్నాలు నేర్పించడం మొదలుపెట్టారు. వాసన మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు చెప్పండి, ఈ కథలో మీరు ఎవరి కుర్చీలో ఉంటే బాగుండనిపించింది? మొహంలో బరువు లేదని పసిగట్టిన చోటా, వేళ్లు పట్టుకున్న చెయ్యి చూసి జబ్బు ఎక్కడుందో తేల్చిన చోటా, గడ్డని నరాల నుంచి విడదీసిన చోటా? ఆలోచించకముందే మనసు ఎటు పోయిందో గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దానికి లెక్కలు కట్టడమే.

న్యూరాలజీ: ముందు ఎక్కడ, తర్వాత ఏమిటి

మిగతా బ్రాంచీల్లో 'ఏం జబ్బు' అని అడుగుతారు. ఇక్కడ 'ఎక్కడ' అన్నది ముందు తేలాలి. కాలు బలహీనంగా ఉందంటే, లోపం మెదడులోనా, మెదడు కాండంలోనా, వెన్నుపాములోనా, నరం మొదట్లోనా, నరంలోనా, నరం కండరాన్ని తాకే చోటా, కండరంలోనా? ఈ ఏడు మెట్లలో ఏ మెట్టు మీద ఆగాలో పేషెంట్ చెప్పే కథా, రిఫ్లెక్స్ చూసే చిన్న సుత్తి, అంటే హ్యామరూ చెప్పాలి. ఎలా మొదలైందన్న దాన్నిబట్టి జబ్బు రకం తెలుస్తుంది. క్షణాల్లో వస్తే రక్తనాళం, రోజుల్లో పెరిగితే వాపో ఇన్ఫెక్షనో, నెలల్లో పాకితే గడ్డ, ఏళ్లలో అయితే అరుగుదల. మినహాయింపులు బోలెడు గానీ పునాది ఇదే.

ఈ పనిలో సగం వినడమే. మన భాషలోనే చూడండి. 'కళ్లు తిరుగుతున్నాయి' అని నలుగురు వస్తారు. ఒకరికి గది గిర్రున తిరుగుతుంది, అది చెవిదో చిన్నమెదడుదో. ఇంకొకరికి లేచి నిలబడగానే చీకట్లు కమ్ముతాయి, అది రక్తపోటుది. మూడో మనిషికి తూలు తప్ప తలలో ఏమీ లేదు, పాదాల్లో స్పర్శ పోయింది. నాలుగో మనిషికి జనంలోకి వెళ్తే గుండె దడదడలాడుతుంది. 'తిమ్మిరి' కూడా అంతే, కొందరికి స్పర్శ లేకపోవడం, కొందరికి చీమలు పాకడం, కొందరికి బలం లేకపోవడం. ఆ మాట వెనక ఏముందో లాగడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలు మీకు విసుగు తెప్పిస్తే ఈ బ్రాంచి మీకు వద్దు. నిజంగా వద్దు.

స్కానింగులు వచ్చాక ఇదంతా ఎందుకు అంటారు. రెండు కాళ్లూ మూడు రోజులుగా బలం తగ్గుతున్న కుర్రాడికి మెదడు ఎంఆర్‌ఐ ఎన్నిసార్లు తీసినా శుభ్రంగానే ఉంటుంది. మోకాలి మీద హ్యామర్ వేస్తే కాలు కదలదు, చీలమండ దగ్గరా కదలదు. ఆ రెండు దెబ్బలతో గియాన్-బారే సిండ్రోమ్ (ఒంటి రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు) మనసులో మెదలాలి, ఊపిరి కొలత రాసుకోవాలి, ఐసీయూ మంచం సిద్ధం చేయించాలి. 1916లో గియాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు యుద్ధకాలంలో సైనికుల్లో చూసి రాసిన జబ్బు ఇది. ఇప్పుడు ఐవీఐజీకో (నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), ప్లాస్మా మార్పిడికో ఎక్కువమంది తిరిగి నడుస్తారు. 1896లో బాబిన్‌స్కీ అనే న్యూరాలజిస్టు చెప్పిన అరికాలి గీత పరీక్ష కూడా అలాగే. అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకి లేచిందా (అలా లేస్తే లోపం మెదడులోనో వెన్నుపాములోనో), కిందికి వంగిందా అన్నది చూడ్డానికి తాళంచెవి చాలు.

'న్యూరాలజిస్టులు జబ్బు పేరు చెబుతారు, నయం మాత్రం చెయ్యరు' అన్న పాత మాట ఒకటుంది. మా గురువుల కాలంలో అందులో కొంత నిజం ఉండేది, ఇప్పుడు దాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకుంటే నష్టపోతారు. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే మందు పనిచేస్తుందని 1995లో తేలింది, మరుసటి ఏడాది అమెరికాలో అనుమతి వచ్చింది. మొదట 3 గంటలున్న గడువు 2008 పరిశోధనతో నాలుగున్నర గంటలకు పెరిగింది. 2015లో వరసగా వచ్చిన పరిశోధనలు పెద్ద రక్తనాళంలోంచి గడ్డని వైరుతో లాగేస్తే మనిషి తిరిగి నడుస్తాడని చూపించాయి. ఎంపిక చేసిన కేసుల్లో 24 గంటల దాకా అది చేయొచ్చని 2018కి తెలిసింది. పెద్ద నాళం మూసుకుపోయి చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు పోతాయని ఒక అంచనా. ఒంటి రోగనిరోధక శక్తి మెదడు, వెన్నుపాముల మీదే దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి 1993 దాకా జబ్బు నడకని మార్చే మందు ఒక్కటీ లేదు, ఇప్పుడు డజనుకు పైగా ఉన్నాయి. కండరాల బలం పోయే స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీతో పుట్టిన పసిపాపలకు 2016 చివర్లో మొదటి మందు వచ్చింది. మూర్ఛ ఉన్నవాళ్లు ప్రపంచంలో సుమారు 5 కోట్లు, సరైన మందు సరిగ్గా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇదంతా చెప్పి రెండో వైపు దాచను. మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్న మనిషికి ఆ పేరు చెప్పాల్సింది మీరే. రైలుజోల్ అనే మందు ఇస్తే దక్కేది చాలామందికి కొన్ని నెలలు. చేతులు, తర్వాత మాట, తర్వాత మింగడం పోతుంటాయి, బుద్ధి చాలామందిలో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆయన ప్రతి నెలా మీ ఎదురుగా కూర్చుని కళ్లతో అడుగుతుంటారు. నేను మొదటిసారి ఆ మాట నిలబడి చెప్పాను, ఫైల్ చూస్తూ చెప్పాను. ఆ కుటుంబం మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఇప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫోను బయట పెట్టి, మొదట ఆయనకు ఏం తెలుసో అడిగి చెబుతాను. నయం చెయ్యలేని చోట కూడా డాక్టరుకి చాలా పని ఉంటుంది: తిండికి గొట్టం ఎప్పుడు వెయ్యాలి, ఊపిరి మిషన్ ఎప్పుడు, మాట పోకముందే గొంతు రికార్డు చేయించడం. ఆ పని మీకు ఓటమిలా అనిపించకపోతే న్యూరాలజీ మీ చేతికి అందుతుంది.

న్యూరోసర్జరీ

ఇక్కడ ప్రశ్న 'ఎక్కడ' కంటే 'ఎలా చేరాలి, ఏం తాకకూడదు' అన్నది. మిల్లీమీటర్ల లెక్క. మైక్రోస్కోపు కింద గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవాలి, చేతి వణుకు కంటే ముందు ఓపిక సడలుతుంది. తలకి దెబ్బ తగిలి మెదడు పైన రక్తం గడ్డకట్టిన కుర్రాడిని అర్ధరాత్రి తీసుకొస్తే, సమయానికి పుర్రె తెరిస్తే రెండు రోజుల్లో అమ్మని పేరు పెట్టి పిలుస్తాడు. అంత సూటి ఫలితం మా బ్రాంచిలో అరుదు, చూసినప్పుడు నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

అదే చేతులు, అదే శ్రద్ధ, అయినా ఆపరేషన్ తర్వాత పేషెంట్ మాట పడిపోవచ్చు. తప్పు జరగకపోయినా పడిపోవచ్చు. పొద్దున మాట్లాడుతూ లోపలికి వెళ్లిన మనిషి సాయంత్రం మాట్లాడకపోతే బయట నిల్చున్నవాళ్లకు చెప్పాల్సింది మీరే, మర్నాడు ఇంకో తల తెరవాల్సిందీ మీరే. దీన్ని మోయగలనా అని ముందే అడగాలి. సర్జరీ అంటే ప్రాణం లేచొచ్చేవాళ్లకు నేను ఎప్పుడూ న్యూరాలజీ సలహా ఇవ్వను. చేతులతో సరిదిద్దాలనే తపన ఉన్నవాడు ఓపీలో కూర్చుంటే రోజంతా కిటికీలోంచి థియేటర్ వైపే చూస్తాడు. పార్కిన్సన్స్‌కి మెదడులో ఎలక్ట్రోడు పెట్టే డీబీఎస్ చూసి న్యూరాలజీలోకి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఎలక్ట్రోడు పెట్టేది న్యూరోసర్జన్, ఎవరికి పెట్టాలో ఎంచేది, తర్వాత ఏళ్ల తరబడి కరెంటు సర్దేది న్యూరాలజిస్టు. ఇందులో మీకు ఏ సగం కావాలో తేల్చుకోండి.

సైకియాట్రీ

న్యూరాలజీకి దగ్గరి చుట్టం ఇదే, దూరమయ్యింది ఈ మధ్యే. అల్జీమర్స్ జబ్బుకి పేరిచ్చిన అలోయిస్ అల్జీమర్ సైకియాట్రిస్టు. ఫ్రాయిడ్ నరాల డాక్టరుగా మొదలై 1885లో పారిస్ వెళ్లి న్యూరాలజిస్టు షార్కో దగ్గర నేర్చుకున్నారు. అమెరికాలో రెండు బ్రాంచీలకూ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు 1934 నుంచీ ఒక్కటే.

తేడా ఎక్కడంటే, మాకు ఎంఆర్‌ఐ, ఈఈజీ (మెదడు విద్యుత్తుని గీతలుగా చూపే పరీక్ష), నరం పరీక్ష, వెన్నునీరు సాక్ష్యం చెబుతాయి. సైకియాట్రిస్టుకి సాక్ష్యం మనిషి మాటే, ఇంట్లోవాళ్ల మాటే, కాలమే. అనిశ్చితిలో ఏళ్ల తరబడి నిలబడగలగాలి. బదులుగా వచ్చేది చిన్నది కాదు. లిథియంతో, యాంటీసైకోటిక్స్‌తో చదువు మళ్లీ మొదలుపెట్టిన పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. ఇంకో మాట, మనసు సంబంధం లేకుండా న్యూరాలజీ చేయొచ్చనుకుంటే పొరపాటు. ఓపీకి వచ్చే చాలామందికి ఫంక్షనల్ లక్షణాలుంటాయి, అంటే నరానికి దెబ్బ లేకపోయినా పని తప్పడం. కాలు ఎత్తలేనన్న అమ్మాయిని రెండో కాలు ఎత్తమంటే, 'పడిపోయిన' కాలి మడమ మీ అరచేతిని గట్టిగా నొక్కుతుంది. 1908లో హూవర్ చెప్పిన గుర్తు ఇది. ఆమె నటించడం లేదు, కాలికి దారి తెలియడం లేదు, ఆ తేడా ఆమెకే చూపించి చెప్పగలిగితే చికిత్స మొదలైనట్టే. ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు 'ఏమీ లేదు, వెళ్లండి' అనాలనిపించేవాళ్లు రెండు బ్రాంచీలకూ పనికిరారు.

ఏళ్ల లెక్క

భారత్‌లో న్యూరాలజీకి మామూలు దారి, జనరల్ మెడిసిన్‌లోనో పీడియాట్రిక్స్‌లోనో మూడేళ్ల ఎండీ, ఆపైన సూపర్ స్పెషాలిటీలో మూడేళ్ల డీఎం. న్యూరోసర్జరీకి సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, ఆపైన సూపర్ స్పెషాలిటీ ఎంసీహెచ్ మూడేళ్లు. సైకియాట్రీకి ఎండీ మూడేళ్లు చాలు. అమెరికాలో న్యూరాలజీ, సైకియాట్రీ నాలుగేసి ఏళ్లు, న్యూరోసర్జరీ ఏడేళ్లు, ఆపైన ఫెలోషిప్ వేరు.

ఈ లెక్కలో దాగిన విషయం ఒకటుంది. రెండు మెట్ల పద్ధతి ఉన్న చోట మీరు మూడేళ్లు ఫిజీషియన్‌గా బతకాలి: షుగరు, లివరు, డెంగ్యూ, కిడ్నీ. దాన్ని వెయిటింగ్ రూమ్‌లా గడిపేవాళ్లు తర్వాత మంచి న్యూరాలజిస్టులు కావడం నేను చూడలేదు. పక్షవాతంతో వచ్చిన మనిషికి గుండె లయ తప్పి ఉండొచ్చు, మగతగా ఉన్న ముసలాయనకి సోడియం పడిపోయి ఉండొచ్చు. జనరల్ మెడిసిన్ అంటే గిట్టదు గానీ న్యూరాలజీ కావాలి అనేవాళ్లకు నా సలహా, ఇంకోసారి ఆలోచించండి.

న్యూరాలజీ అనుకున్నాక మళ్లీ ఎంపిక

ఇది చాలామంది చివరికి వదిలేస్తారు, కానీ జీవితం ఎలా గడుస్తుందన్నది ఎక్కువగా దీనిమీదే ఆధారపడుతుంది.

స్ట్రోక్ తీసుకుంటే రాత్రుళ్లు మీవి కావు. ఫోను మోగిన దగ్గర్నుంచి గడియారంతో పరుగు, ఎప్పుడు చివరిసారి బాగున్నారు అన్న ఒక్క ప్రశ్న మీద అంతా ఆధారపడుతుంది. వైరుతో గడ్డ లాగే పనికి న్యూరాలజీ, న్యూరోసర్జరీ, రేడియాలజీ మూడు వైపుల నుంచీ వెళ్లొచ్చు, మరి కొన్నేళ్ల ఫెలోషిప్ కావాలి. చేతులకీ పని కావాలి, ఓపీ కూడా కావాలి అనేవాళ్లకు ఇది చక్కటి మధ్య దారి. నలభై దాటాక ఆ రాత్రుళ్లు ఒంటికి ఎలా ఉంటాయో ఇప్పుడే ఆ పని చేస్తున్నవాళ్లను అడగండి.

ఎపిలెప్సీ, అంటే మూర్ఛ, దీనికి పూర్తిగా వేరే లోకం. గంటల కొద్దీ ఈఈజీ గీతలు, ఫిట్స్ వీడియో మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూడటం, ఎడమ చెయ్యి ముందు బిగిసిందా, తల ముందు తిరిగిందా అని. ఒక ఆడపిల్ల పెళ్లి, డ్రైవింగు, గర్భం అన్నింటిలోనూ మీరు పాతికేళ్లు తోడుంటారు. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ ఇచ్చేముందు ఆమెకి గర్భం గురించి చెప్పడం మీ బాధ్యత, ఎందుకంటే బిడ్డకి అది చేసే హాని బాగా తెలిసినదే. కంటికి గీతలు నచ్చేవాళ్లకు, సంబంధం తెగకుండా నడపడం నచ్చేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు.

పార్కిన్సన్స్ వంటి కదలికల జబ్బుల్లో చూపే సగం పరీక్ష. మనిషి తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా నడిచి వచ్చేలోపు సగం తెలిసిపోతుంది: ఒక చెయ్యి ఊగదు, తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు పడతాయి. నరాలు, కండరాల విభాగం ఓపిగ్గా సూదులతో విద్యుత్తు చదివేవాళ్లది. పిల్లల న్యూరాలజీకి వెళ్లేవాళ్లకు తల్లిదండ్రులతో మాట్లాడే గుండె కావాలి. మతిమరుపు, తలనొప్పి రంగాలు తక్కువవని అనుకోకండి, ఓపీలో వరస కట్టేది వాళ్లే. తలనొప్పి అంటే మొహం చిట్లించే పీజీని నేను స్ట్రోక్ వార్డు నుంచి తీసి రెండు వారాలు తలనొప్పి క్లినిక్‌లో కూర్చోబెడతాను.

ఎలా తేల్చుకోవాలి

న్యూరో అంటే భయం మీ ఒక్కరిదే కాదు. 1994లో జోజెఫోవిచ్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు దానికి 'న్యూరోఫోబియా' అని పేరు కూడా పెట్టారు. నరాల దారులు (ట్రాక్టులు) బట్టీ పట్టి విసిగినవాళ్లు, మంచం పక్కన నిలబడితే మారడం నేను చూశాను. ఆ భయాన్ని బట్టి వద్దనుకోకండి, పుస్తకం నచ్చిందని అవుననీ అనుకోకండి.

రెండు వారాలు కేటాయించండి. న్యూరాలజీలో ఒక పూర్తి ఓపీ, పొద్దున్నుంచి చివరి పేషెంట్ దాకా, మధ్యలో లేవకుండా. ఒక స్ట్రోక్ కాల్ రాత్రి. న్యూరోసర్జరీలో ఒక పెద్ద కేసు మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా, మర్నాడు ఐసీయూలో అదే పేషెంట్. సైకియాట్రీలో ఒక మొదటి ఇంటర్వ్యూ, అదే మనిషి నాలుగో రోజు. ప్రతిరోజు రాత్రి ఒక్కటే రాసుకోండి: ఎక్కడ గడియారం చూశాను, ఎక్కడ చూడలేదు. ఇష్టం గురించి రాయొద్దు, అది అబద్ధం చెబుతుంది. కుదిరితే ఆ బ్రాంచిలో పదేళ్లు దాటినవారిని ఒక్క మాట అడగండి: మీకు కష్టమనిపించే పేషెంట్ ఎవరు? ఆ జవాబులోని మనిషితో మీరు ప్రతివారం కూర్చోగలరా చూసుకోండి.

మూడేళ్ల కింద ఒక అమ్మాయి న్యూరాలజీ అనే పట్టుదలతో వచ్చి, ఇదంతా చేసి, కాగితం నా టేబుల్ మీద పెట్టింది. ఓపీలో నాలుగుసార్లు, థియేటర్లో తొమ్మిదిసార్లు గడియారం చూసింది, సైకియాట్రీ ఇంటర్వ్యూలో ఒక్కసారీ చూడలేదు. నాకు కొంచెం బాధ అనిపించింది, మంచి న్యూరాలజిస్టు అయ్యేది. సైకియాట్రీలో చేరింది. మొన్న ఆమె దగ్గర్నుంచి ఒక పేషెంట్ వచ్చారు, చేతిలో చీటీ: "సార్, దిగులు మందులకి లొంగడం లేదు. కాఫీ పొడి వాసన కుడి ముక్కుకి తెలియడం లేదు. ఒకసారి చూడగలరా?"